ఒకటా? వందా?
(సముద్రపు సహనివేశ జీవుల పుట్టుక, పెరుగుదల, పరిణామం)

పూర్వ విద్యార్థి, జీవశాస్త్ర ఉపాధ్యాయుడు



వార్షికోత్సవ సంచికకు ఒక పాఠం రాసి పంపమని కబురు చేశారు. పదో తరగతి వాళ్ళకు అర్థం కావాలి, డిగ్రీలో చేరిన వాళ్ళకు పరీక్షకు పనికి రావాలి అన్నారు. రెండూ కుదరడం కష్టమే గాని ప్రయత్నిస్తాను.

నేను డిగ్రీ మొదటి సంవత్సరం చదివేటప్పుడు జువాలజీలో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుందని సీనియర్లు చెప్పేవారు. "సైఫనోఫోరాలో బహురూపకతను వివరింపుము." పది మార్కులు. సెలవులకు పామర్రు వచ్చినప్పుడు మన హాస్టలు వరండాలో ట్యూబులైటు కింద కూర్చుని దాన్ని బట్టీ పట్టాను. పేర్లన్నీ నోటికి వచ్చాయి. బొమ్మ కూడా బాగానే వేశాను. మార్కులు కూడా వచ్చాయి. అయితే ఆ ప్రశ్న అసలు దేని గురించి అడుగుతోందో నాకు తెలియలేదు. నేను చదివిన కాలేజీలో ఆ జీవి నమూనా లేదు. గోడకు ఒక చార్టు మాత్రం వేలాడేది. ఉపాధ్యాయుణ్ణి అయ్యాక ఒక రోజు ఒక పిల్లవాడు చార్టు చూసి "సార్, ఇది ఒక జంతువా, చాలా జంతువులా?" అని అడిగాడు. నేను తడబడ్డాను. ఆ తర్వాత చదువుకుంటే తెలిసింది, ఆ ప్రశ్న దగ్గర నాకంటే చాలా పెద్దవాళ్ళే తడబడ్డారని!

వరి దుబ్బుతో మొదలుపెడదాం

మన డెల్టా పిల్లలకు సహనివేశం అంటే ఏమిటో చెప్పడానికి సముద్రం దాకా పోనక్కరలేదు. ఒక్క వడ్ల గింజ మొలిచి ఒక మొక్క అవుతుంది. దాని మొదట్లో పిలకలు వేస్తుంది. కొన్ని వారాలకు అది దుబ్బు. పొలంలో నిలబడి ఆ దుబ్బు ఒక మొక్కా, పదిహేను మొక్కలా అని అడిగితే మీ నాన్నగారు నవ్వుతారు. కానీ ఆలోచించండి. ప్రతి పిలకకూ తన ఆకులున్నాయి, తన వేళ్ళున్నాయి. అయినా అన్నీ ఒకే గింజ నుంచి వచ్చాయి, మొదట్లో కలిసే ఉన్నాయి.

జంతువుల్లోనూ ఇలా పిలకలు వేసేవి ఉన్నాయి. దీన్నే కోరకీభవనం అంటాం. మీరు చదివిన హైడ్రా పక్కన చిన్న మొగ్గ వస్తుంది, దానికి నోరు, స్పర్శకాలు ఏర్పడతాయి, ఆపైన తల్లి నుంచి ఊడిపోయి వేరే బతుకు బతుకుతుంది. అదే మొగ్గ ఊడిపోకుండా ఉండిపోతే? దాని మీద ఇంకో మొగ్గ, దాని మీద ఇంకోటి వస్తూ అన్నీ కలిసే ఉంటే? అదే సహనివేశం. అందులో ఒక్కొక్క సభ్యుణ్ణి జూయిడ్ అంటారు. ఈ పాఠమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. విడిపోవలసింది విడిపోలేదు, అంతే. ఎంత గట్టిగా విడిపోకుండా ఉంటే లెక్కపెట్టడం అంత కష్టమవుతుంది.

ఒబీలియా ఎలా పెరుగుతుంది

పుస్తకంలో ఒబీలియా బొమ్మ చూస్తే చిన్న చెట్టులా ఉంటుంది. దాని కథ ఒక అండం నుంచి మొదలవుతుంది. నీటిలో అండం ఫలదీకరణ చెంది, శైలికలున్న ప్లానులా డింభకం అవుతుంది. అది కొంతకాలం ఈది ఒక రాయికో, కొయ్యకో, సముద్రపు నాచుకో అంటుకుంటుంది. అక్కడ మొదటి పాలిప్ తయారవుతుంది. దాని అడుగు నుంచి వేరులాంటి గొట్టాలు పాకుతాయి, వాటి నుంచి కొమ్మలు లేస్తాయి, కొమ్మల చివర పాలిప్‌లు విచ్చుకుంటాయి. అన్నిటి లోపలా ఒకే గొట్టం. ఒక పాలిప్ పట్టిన ఆహారం మిగతా అందరికీ చేరుతుంది. మన మెస్‌లో కంచం ఎవరిది వారిదే గాని, ఇక్కడ కడుపు కూడా ఉమ్మడే!

కొన్ని కొమ్మల్లో వేరే రకం పాలిప్ వస్తుంది. దాన్ని బ్లాస్టోస్టైల్ అంటారు. దానికి నోరు లేదు, స్పర్శకాలు లేవు. తినదు. ఇతరులు తిన్నది తీసుకుని మెడూసాలను తయారు చేయడమే దాని పని. చిన్న గొడుగుల్లాంటి ఆ మెడూసాలు ఊడి నీటిలోకి ఈదుకుంటూ పోయి బీజకణాలను విడుస్తాయి. మళ్ళీ ప్లానులా, మళ్ళీ చెట్టు.

రెండు విషయాలు గుర్తు పెట్టుకోండి. ఒకటి, పాలిప్, బ్లాస్టోస్టైల్, మెడూసా మూడింటిలోనూ జన్యువులు ఒకటే. ఏ జన్యువు ఎక్కడ పనిచేయాలి అన్నదే తేడా. రెండు, ఒబీలియాలో మెడూసా మాత్రం ఊడిపోతుంది. ఈ రెండో మాట కాసేపటికి మళ్ళీ అవసరమవుతుంది.

బహురూపకత అనగానే మా తరగతిలో పిల్లలు మన పక్కనున్న కూచిపూడి వాళ్ళ పగటివేషాలు గుర్తు చేస్తారు. పోలిక బాగానే ఉంది గాని సగమే సరి. పగటివేషగాడు ఒక్కడే రోజుకొక వేషం కడతాడు, సాయంత్రానికి విప్పేస్తాడు. బ్లాస్టోస్టైల్ వేషం విప్పలేదు. నోరు లేకుండా పుట్టింది నోరు లేకుండానే పోతుంది.

మన ఒడ్డున ఏమున్నాయి

పామర్రులో బస్సెక్కితే గంటలో బందరు. మంగినపూడి బీచికి విహారయాత్రకు వెళ్ళని హాస్టలు విద్యార్థి ఉండడు. కానీ మనం అక్కడ అలలు చూశాం, పల్లీలు తిన్నాం, తిరిగొచ్చాం. ఎవరూ వంగి ఏమీ చూడలేదు. నేనూ చూడలేదు.

సహనివేశ జీవుల్లో అందరికీ తెలిసినది పగడం. అది మన కృష్ణా తీరంలో గుట్టలు కట్టదు. ప్రవాళ భిత్తికలకు తేటనీరు, ఉప్పదనం, వెలుతురు, అంటుకోవడానికి గట్టి నేల కావాలి. మన దగ్గర కృష్ణా, గోదావరి నదులు ఒండ్రును, మంచినీటిని తెచ్చి కలుపుతాయి. ఆ ఒండ్రే మనకు వరి పెట్టింది, అదే పగడానికి చోటు లేకుండా చేసింది. ఒండ్రు నేల మీద గట్టి వస్తువు దొరికితే చాలు, దానికోసం పోటీ. పడవ అడుగు, లంగరు తాడు, కర్ర గుంజ, ఆల్చిప్ప, పీత వీపు దేన్నీ వదలవు.

గిలకలదిండి దగ్గర ఒడ్డుకు లాగిన ఒక పడవ అడుగు నుంచి ఒకసారి గవ్వలను గోకి తెచ్చాను. వాటిలో ఒక ఆల్చిప్ప మీద తెల్లటి సన్నని పొర ఉంది. సున్నం మరక అనుకున్నాను. చేతి భూతద్దం పెట్టి చూస్తే తేనెపట్టులాగా గదులు, గదులు, గదులు. అది బ్రయోజోవా. ఒక్కొక్క గది ఒక జూయిడ్, మిల్లీమీటరులో సగం ఉంటుంది. (పక్కన శంకువుల్లా గట్టిగా అంటుకున్నవి బార్నకిళ్ళు. అవి గుంపుగా ఉన్నా సహనివేశం కాదు. ఏ డింభకానికి ఆ డింభకం వేరుగా వచ్చి అంటుకున్నవే. పరీక్షలో ఈ తేడా అడుగుతారు.)

ఈ జీవులను మన రాష్ట్రంలో చదివినవాళ్ళు లేరనుకోకండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ పి.ఎన్. గణపతి గారు, ఎం.వి. లక్ష్మణరావు గారు, ఆర్. నాగభూషణం గారు కలిసి విశాఖ ఓడరేవులో ఓడలకు, కొయ్యలకు అంటుకునే జీవుల మీద 1958లో పరిశోధన వ్యాసం ప్రచురించారు. 1970లలో కె. సత్యనారాయణరావు గారు, గణపతి గారు గోదావరి ముఖద్వారంలోని బ్రయోజోవా గురించి రాశారు. ఇది కేవలం పుస్తకాల చదువు కాదు. అడుగున ఈ పొరలు పేరుకుంటే ఓడ వేగం తగ్గుతుంది, ఇంధనం ఎక్కువ కాలుతుంది. అందుకే రేవులున్న ప్రతి దేశంలోనూ వీటిని గీయించడానికి డబ్బు ఖర్చు పెడతారు.

బ్రయోజోవాలో కాపలాదారు

బ్రయోజోవాలో ఇప్పుడు బతికి ఉన్నవి సుమారు 6,000 జాతులు. ఒకటి రెండు వింతలు తప్ప అన్నీ సహనివేశాలే. డింభకం అంటుకుని మొదటి జూయిడ్‌గా మారుతుంది. దాన్ని యాన్సెస్ట్రులా అంటారు, అంటే ఇంటి మూలపురుషుడన్న మాట. దాని పక్కన ఒక గది, ఆ పక్కన ఇంకో గది వస్తూ అంచున పెరుగుతూ పోతుంది. మధ్యలో ఉన్నవి ముసలివి, అంచున ఉన్నవి పసివి.

కొన్ని జాతుల్లో గదుల మధ్య పక్షి తలలాంటి ఒక వింత కనిపిస్తుంది. ముక్కు తెరుస్తుంది, మూస్తుంది. పైకెక్కిన చిన్న పురుగులను పట్టుకుంటుంది. దీనికి అవిక్యులేరియం అని పేరు. తినడానికి దీనికి పనికొచ్చే నోరు లేదు. చార్లెస్ డార్విన్‌కు ఇవంటే చాలా ఆసక్తి. ఆయన మొట్టమొదట ఒక సభలో చెప్పిన పరిశోధన కూడా బ్రయోజోవా గురించే. 1827లో ఎడింబరోలో వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు, పద్దెనిమిదేళ్ళ వయసులో, ఫ్లస్ట్రా అనే బ్రయోజోవా డింభకాలు శైలికలతో కదులుతాయని చెప్పాడు. తర్వాత 1872లో వచ్చిన జాతుల ఉత్పత్తి ఆరో ముద్రణలో అవిక్యులేరియాల ప్రస్తావన తెచ్చాడు. ఆహారం తినే మామూలు జూయిడే మెల్లమెల్లగా మారి ఈ పక్షి తల అయిందని అందులో వివరించాడు.

ఇంకో సంగతి. మెంబ్రానిపోరా అనే బ్రయోజోవాను తినే సముద్రపు నత్త దగ్గరికి వస్తే, నీటిలో దాని రసాయనపు వాసన తగిలి, అంచున కొత్తగా వచ్చే జూయిడ్లు ముళ్ళతో పుడతాయి. 1984లో ఈ సంగతి ప్రచురితమైంది. అయితే ముళ్ళు వేసుకున్న సహనివేశం పెరుగుదలలో వెనకబడుతుంది. నత్త లేనప్పుడు ముళ్ళెందుకు దండగ అని మామూలుగా వేసుకోదు. జన్యువులు అవే, అవసరాన్ని బట్టి రూపం వేరు.

సైఫనోఫోరా దగ్గరికి వద్దాం

ఇప్పుడు పది మార్కుల ప్రశ్న. ఒబీలియాలో మెడూసా ఊడిపోతుందని చెప్పుకున్నాం. అది కూడా ఊడకపోతే ఎలా ఉంటుందో సైఫనోఫోరా చూపిస్తుంది. ఇవి అడుగున అంటుకోకుండా నడిసముద్రంలో తేలుతూ, ఈదుతూ బతికే సహనివేశాలు.

రైలుబండిని ఊహించుకోండి. ముందు కొన్ని ఇంజన్లు. అవి ఈతగంటలు, అంటే గంట ఆకారపు మెడూసాలే, కాని నోరు పోయింది, బీజకోశం పోయింది, ముడుచుకుని నీటిని వెనక్కు చిమ్మడం మాత్రం మిగిలింది. వెనక పొడవాటి కాడ. దాని వెంట పెట్టెల్లాగా ఒకే వరుస మళ్ళీ మళ్ళీ వస్తుంది. తినేది, కప్పి కాపాడేది, బీజకణాలు చేసేది. తినే పాలిప్ ఈదలేదు. ఈతగంట తినలేదు. బీజకణాలు చేసేది రెండూ చేయలేదు. ఏ ఒక్కటి విడిగా వదిలినా సముద్రంలో బతకలేదు.

ఇంతటి బండి కూడా ఒక్క అండం నుంచే. ప్లానులా మొదట ఒక పాలిప్ అవుతుంది. దాని మీద రెండు చోట్ల పెరుగుదల స్థానాలు ఏర్పడతాయి. ఒకటి ఈతగంటలను మాత్రమే, రెండోది కాడ మీది మిగతా జూయిడ్లను వేస్తుంది. కొబ్బరిచెట్టు మొవ్వు చూశారుగా, కొత్త ఆకు ఎప్పుడూ మొవ్వు నుంచే వస్తుంది, ముసలి మట్ట దూరంగా జరుగుతుంది. ఇక్కడా అంతే. పెరుగుదల స్థానానికి దగ్గరున్నది పసిది, దూరమున్నది ముసలిది. వరుస తప్పదు. అడుగున పెరిగే చాలా సహనివేశాల్లో కొమ్మ ఎటు వేయాలో చోటును బట్టి మారుతుంది గాని, సైఫనోఫోరాలో ఏ జూయిడ్ పక్కన ఏది రావాలో ముందే నిర్ణయమై ఉంటుంది.

నానోమియా అనే చిన్న సైఫనోఫోరా మీద 2015లో వచ్చిన పరిశోధన నాకు చాలా ఇష్టం. కొనలో ఉన్న చిన్న, పసి ఈతగంటలు బండిని తిప్పడానికి, వెనకున్న పెద్దవి ముందుకు నెట్టడానికి పనికొస్తాయని తేలింది. చిన్నవాటికి బలం తక్కువ, అయినా కొన మీద ఉన్నాయి కాబట్టి మీట పొడవు ఎక్కువ. తక్కువ బలంతోనే మొత్తాన్ని తిప్పగలవు. ఫిజిక్సులో చదివిన మీట సూత్రం ఇక్కడ పనికొచ్చింది చూడండి.

పొడవు సంగతి చెబితే నమ్మరు. 2020లో పశ్చిమ ఆస్ట్రేలియా తీరాన లోతు సముద్రంలో ఒక సైఫనోఫోరా చుట్ట చుట్టుకుని ఉండగా వీడియో తీశారు. బయటి చుట్టు ఒక్కటే సుమారు 47 మీటర్లని అంచనా వేశారు. నీలి తిమింగలం దీనికంటే పొట్టిది. లావు మాత్రం తాడంత!

పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే ఫైసేలియా కూడా సైఫనోఫోరాయే. నీలిరంగు గాలితిత్తితో నీటి మీద తేలుతుంది, ఈదదు, గాలి ఎటు కొడితే అటు పోతుంది. 2025లో జన్యు పరీక్షలు చేసి, ఒకటే జాతి అనుకున్నది నిజానికి నాలుగు జాతులని తేల్చారు. వానాకాలపు గాలులకు మన దేశపు ఒడ్డుకూ కొట్టుకొస్తుంది. నీలి బుడగ అందంగా ఉందని ముట్టుకోవద్దు. అది చచ్చి ఎండుతున్నా స్పర్శకాల్లోని దంశకణాలు పేలుతూనే ఉంటాయి. తగిలితే ఇసుకతో రుద్దకుండా వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ఇంకొక సవరణ: పార్పిటా, వెలెల్లాలను కూడా పాత పుస్తకాలు సైఫనోఫోరాలో చేర్చాయి. ఇప్పుడు వాటిని హైడ్రోజోవాలోని వేరే గుంపులో పెడుతున్నారు.

పెద్దల తగాదా

ఇది ఒకటా, వందా? 1851లో జర్మనీకి చెందిన ల్యూకార్ట్ ఇది అనేక జీవుల సమూహమని, పని పంచుకోవడం వల్ల రూపాలు మారాయని రాశాడు. టి.హెచ్. హక్స్‌లీ రాటిల్‌స్నేక్ ఓడలో తిరిగి వీటిని స్వయంగా చూసినవాడు. 1859లో వచ్చిన తన పుస్తకంలో ఇది ఒకే జీవి అని, జూయిడ్లు దాని అవయవాలని వాదించాడు. ఛాలెంజర్ ఓడ తెచ్చిన నమూనాల మీద 1888లో హెకెల్ పెద్ద గ్రంథమే రాశాడు. మీరు పరీక్షలో రాసే బహు వ్యక్తి సిద్ధాంతం, బహు అవయవ సిద్ధాంతం ఈ తగాదా నుంచి వచ్చినవే.

నా అభిప్రాయం అడిగితే ఇద్దరూ గెలిచారు. ఎలా వచ్చింది అని అడిగితే ల్యూకార్ట్ సరి. ఈతగంటను కోసి చూస్తే మెడూసా నిర్మాణం ఇంకా కనిపిస్తుంది. ఎలా బతుకుతోంది అని అడిగితే హక్స్‌లీ సరి. ఒకప్పుడు పూర్తి జీవులుగా ఉన్నవి పరిణామంలో అవయవాలయ్యాయి.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. బిడ్డల్ని కనలేని ఈతగంటను ప్రకృతి వరణం ఎలా నిలబెట్టింది? సంతానం లేని లక్షణం తర్వాతి తరానికి ఎలా పోయింది? జవాబు ఒక్క అండంలో ఉంది. ఈతగంటలోనూ, పక్కన బీజకణాలు చేసే జూయిడ్‌లోనూ జన్యువులు ఒకటే. దీని జన్యువులు దాని ద్వారా తరం దాటుతాయి. వరి దుబ్బులో ఆకు గింజ పట్టదు, అయినా ఆకు వ్యర్థం కాదు కదా.

ఇంటర్‌లో వైస్‌మన్ పేరు ఎలుకల తోకలతో చదువుతారు. ఆయన బీజద్రవ్య సిద్ధాంతానికి ముందు సంవత్సరాలు హైడ్రోజోవా బీజకణాలు ఎక్కడ పుడతాయో వెతికాడు, 1883లో దాని మీద గ్రంథం వేశాడు. బీజకణాలు వేరు, దేహకణాలు వేరు అన్న ఆలోచనకు అది బలమిచ్చింది. తమాషా ఏమంటే, హైడ్రాక్టీనియా అనే హైడ్రోజోవాలో ఒకే రకం మూలకణాలు జీవితాంతం దేహకణాలనూ బీజకణాలనూ రెండింటినీ చేస్తాయని ఇప్పుడు తెలిసింది.

పరాయివాడు కలిస్తే

అందరూ ఒకే జన్యువులైతే సరే, పక్క సహనివేశం పెరిగి తగిలితే? బోట్రిల్లస్ అనే జీవిలో దీన్ని బాగా చదివారు. అది ట్యూనికేట్. దాని డింభకానికి తోక, పృష్ఠవంశం ఉంటాయి. అకశేరుకాల్లో మనకు అతి దగ్గరి బంధువులు ఈ ట్యూనికేట్లే. అది రాయికి అంటుకుని తోక పోగొట్టుకుని, మొగ్గలు వేసి నక్షత్రాల్లా పరుచుకుంటుంది. రక్తనాళాలు అందరికీ ఉమ్మడి.

రెండు బోట్రిల్లస్‌లు తగిలినప్పుడు ఒక జన్యు స్థానాన్ని సరిచూసుకుంటాయి. అందులో ఒక రూపమైనా ఇద్దరికీ సమానమైతే రక్తనాళాలు కలిసిపోతాయి. లేకుంటే మధ్యలో కణాలు చచ్చి గోడ కట్టుకుంటుంది. ఈ జాగ్రత్త ఎందుకంటే, కలిసినప్పుడు ఒకదాని మూలకణాలు రెండోదాని బీజకోశంలో చేరి తమ బీజకణాలే చేసుకోగలవు. అన్నం పెట్టేది ఒకరు, సంతానం మరొకరిది!

మన హాస్టలును సహనివేశంతో పోల్చి ఎన్నో వార్షికోత్సవ ఉపన్యాసాలు విన్నాను. నాకు ఆ పోలిక నచ్చదు. సహనివేశం పరాయివాణ్ణి చేర్చుకోదు. మన హాలులో గుడివాడ వాడు, మొవ్వ వాడు, పెదపారుపూడి వాడు, ఎవరి అమ్మకు పుట్టినవాడు వాడు, పక్కపక్కన ఇనుప పెట్టెలు పెట్టుకుని పడుకున్నాం. అక్కడి జూయిడ్‌కు బయటికి వెళ్ళే దారి లేదు. మనం వెళ్ళాం, ఉత్తరాలు రాసుకున్నాం, ఇప్పుడు ఈ సంచికలో మళ్ళీ కలిశాం.

ఒక పాప ప్రశ్న

ఆ ఆల్చిప్పను తరగతికి తీసుకెళ్ళి భూతద్దంతో అందరికీ చూపించాను. ఒక పాప అడిగింది: "పడవ గీసేస్తే ఇది చచ్చిపోతుందా సార్?" సగం గీసినా మిగతా సగం అంచున మళ్ళీ పెరుగుతుందని చెప్పాను. "అయితే దీని వయసెంత?"

బ్రయోజోవాలో గది లోపలి జీవి కొన్ని వారాలకు కుళ్ళి గోధుమరంగు ముద్ద అవుతుంది. అదే గదిలో కొత్తది మొలిచి నోరు బయటపెడుతుంది. అలా ఒకే గదిలో ఒకరి తర్వాత ఒకరు. గదికి ఒక వయసు, లోపలి జీవికి ఒక వయసు, డింభకం అంటుకున్న రోజు నుంచి మొత్తానికి ఇంకో వయసు. ఏది రాయాలి సార్ అంది పాప. మూడూ రాయమన్నాను.